శ్వాస మర్యాద విరామం

ఊపిరి పీల్చడం పుట్టుకతోనే వచ్చేస్తుందని నిరుటి వేసవి దాకా మా చింతలకాలువ మండలంలో అందరం పొరబడుతూ వచ్చాం. అది తప్పని సర్క్యులర్ వచ్చింది.

జరిగిందేమిటంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారి గారికి రక్తపోటు వచ్చింది. డాక్టరు సెలవు పెట్టమన్నాడు. ఆయన ఏదో కొండ మీద ఆశ్రమంలో కొన్నాళ్ళుండి, ముక్కుతో నెమ్మదిగా పీల్చడం, పొట్ట దాకా నింపడం, పీల్చినదానికన్నా తీరిగ్గా వదలడం నేర్చుకొచ్చారు. రక్తపోటు తగ్గింది. నిద్ర పట్టింది. ఫైలు చూసినా కోపం రావడం మానేసింది. మామూలు మనిషైతే అంతటితో సంతోషించి ఊరుకునేవాడు. ఆయన అధికారి కాబట్టి ఒక శాఖ పెట్టించారు.

ఆ శాఖ పేరు ప్రజా శ్వాస వికాస విభాగం. దాని మొదటి సర్క్యులర్ నాకింకా గుర్తుంది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రజలలో ప్రబలియున్న ఆందోళన, నిద్రలేమి, చిరాకు, తలనొప్పి, అర్జీలు మొదలగు రుగ్మతలకు మూలకారణము అపసవ్య శ్వాసయేనని నిర్ధారణ అయినందున, సర్వజనులకును సక్రమ శ్వాస అలవాటు చేయవలసినదిగా ఆదేశించడమైనది."

నేను మండలాఫీసులో అర్జీల సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. పేరు అవధానులు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ పద్ధతి నేనూ చేసి చూశాను. అర్జీల సెక్షన్లో కూర్చునేవాడికి ఊపిరి గొంతు దాటి కిందికి దిగదు. అలాంటివాణ్ణి, భోజనం చేశాక కాసేపు కళ్ళు మూసుకుని నెమ్మదిగా పీల్చి వదిలితే గుండె దడ తగ్గింది, సాయంత్రానికి తలనొప్పి రాలేదు. మంచి విద్యే. దానికొక ప్రత్యేకాధికారిని వేయడంతో చిక్కు మొదలైంది.

ఆయన పేరు ఇవటూరి త్రివిక్రమరావు గారు. అంతకు ముందు మత్స్యశాఖలో చేశారు. ఊపిరితిత్తులే లేని ప్రాణులతో అన్నాళ్ళు వేగివచ్చినవారు గనక మమ్మల్ని బాగుచేయడం పెద్ద లెక్క కాదన్న ధీమాతో దిగారు. వచ్చిన రోజే స్టాఫ్ మీటింగు పెట్టి, అధికారి గదిలోంచి బయటికొస్తూ నిట్టూర్చడం ధిక్కారం కిందికి వస్తుందని చెప్పారు. ఆవలింతకు ముందుగా అనుమతి తీసుకోవాలన్నారు. అడిగి అనుమతి తెచ్చుకునేసరికి ఆవలింత కాస్తా పోయేది. తుమ్ముల విషయం సర్క్యులర్లో లేదు కాబట్టి పైవారి స్పష్టత కోరుతూ రాశారు. జవాబు ఇప్పటికీ రాలేదు, మేం తుమ్ముతూనే ఉన్నాం.

మావాళ్ళు దేనికైనా అలవాటు పడతారు. నిట్టూర్పులన్నీ దాచుకుని టీకొట్టు దగ్గరికెళ్ళి వదిలేవారు. మధ్యాహ్నం పూట ఆ కొట్టు ముందు నిలబడితే చల్లగా ఉండేది.

అసలు సంగతి సోమవారాల్లో ఉంది. మా ఆఫీసులో సోమవారం అర్జీల రోజు. రోడ్డు లేదని, పింఛను రాలేదని, గట్టు జరిపేశాడని జనం వస్తారు. వచ్చేవాళ్ళలో చాలామంది అరుస్తారు. త్రివిక్రమరావు గారు ఒక సోమవారం పూర్తిగా కూర్చుని చూసి, సాయంత్రం నన్ను పిలిచారు.

"అవధానులు గారూ, ఈ అర్జీదారుల శ్వాస గమనించారా? అంతా ఎగశ్వాస. ఇటువంటి మానసిక స్థితిలో ఇచ్చే అర్జీకి ప్రామాణికత ఏముంటుంది? ఇకమీదట అర్జీకి ముందు శ్వాస స్థిమిత పరీక్ష నిర్వహించవలసి ఉంటుంది."

"చిత్తం. పరీక్షలో స్థిమితం లేదని తేలితే ఏం చేద్దాం సార్?"

"స్థిమితం లేనివారి మాట రికార్డు చేయరాదు. సాధన చేసి వచ్చే సోమవారం రమ్మనండి."

"స్థిమితంగా ఉంటే?"

ఆయన నా అమాయకత్వానికి చిరునవ్వు నవ్వారు. "స్థిమితంగా ఉన్నవాడికి సమస్య ఏముంటుందయ్యా? ఆ అర్జీ శ్వాసస్థాయిలోనే పరిష్కృతమైనట్టు."

ఈ రెండు రకాలూ కాని మూడో రకం మనిషి మండలంలో ఎవరున్నారా అని ఇంటికెళ్ళే దారంతా ఆలోచించాను. ఎవరూ తట్టలేదు.

పరీక్షకు పరికరాలు రాజధాని నుంచి రావాలి. వచ్చేదాకా ఊరుకోవడం త్రివిక్రమరావు గారి స్వభావం కాదు. అర్జీదారుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు దగ్గర దూదిపింజ పట్టుకుని, అదెంత కదులుతుందో చూస్తే చాలన్నారు. చేపలతో పనిచేసినవారు గనక, మా వైపు మనిషి ముక్కు దగ్గర దూది ఎప్పుడు పెడతారో ఆయనకు తట్టినట్టు లేదు. మాకు తెలిసినా, చెబితే నిట్టూర్పు కింద లెక్కేస్తారేమోనని ఊరుకున్నాం.

మొదటి సోమవారం మొదటి అర్జీదారు గట్టు తగాదా మీద వచ్చిన ముసలాయన. పాపం, కళ్ళు మూసుకోమంటే మూసుకుని, కదలకుండా కూర్చున్నాడు. వరండాలో ఉన్న ఆయన భార్య కిటికీలోంచి చూసింది. ప్రత్యేకాధికారి వంగి మొగుడి ముక్కు దగ్గర దూది పెట్టి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆవిడ "ఓరి నాయనో, నన్నొదిలేసి ఎల్లిపోయావా!" అని ఒక్క కేక పెట్టి గుండెలు బాదుకుంది. వరండా అంతా గొల్లుమంది. ఎవరో పరుగున వెళ్ళి దండ కూడా తెచ్చేశారు. ఈ గోలకి ముసలాయన కళ్ళు తెరిచేసరికి ఇద్దరు స్పృహ తప్పారు.

ఆ మరుసటి సోమవారం వరండాలో కుక్క తప్ప ఎవరూ లేరు. "శ్వాస సంస్కరణల ఫలితముగా మండలములో అర్జీలు దాదాపు అంతరించినవి" అని త్రివిక్రమరావు గారు పైకి రాశారు. పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

అంత జరిగాక కూడా అర్జీ పట్టుకుని వచ్చింది కడలి నూకరత్నం ఒక్కతే. మిల్లుపేటలో ఆవిడకి ఇడ్లీ బండి ఉంది. పేట పక్కనే పుల్లంరాజు గారి ఉప్పుడు బియ్యం మిల్లు. ఊకతో బాయిలరు మండిస్తారు కదా, ఆ పొగగొట్టంలోంచి బూడిద నుసి పగలూ రాత్రీ పేట మీద రాలుతుంది. ఆవిడ ఇడ్లీ కొత్తవాళ్ళకి పెడితే, మిరియాల పొడి చల్లారేమో అనుకుని బాగుందంటారు.

నూకరత్నం బాధ ఇడ్లీల గురించి కాదు. ఆవిడ భర్త వీరాస్వామి పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మా ఊళ్ళో వీరాస్వామి ఊపిరి గురించి కథలు చెప్పుకునేవారు. పెళ్ళికొడుకు విడిది నుంచి బయల్దేరి పందిరి దాకా వచ్చేవరకు పాట తెగేది కాదు. అలాంటి మనిషికి ఈ నుసితో ఉబ్బసం పట్టుకుంది. రెండు ముక్కలు వాయిస్తే దగ్గు. పడుకుంటే ఊపిరాడదని రాత్రిళ్ళు గోడకి చేరబడి కూర్చునే తెల్లవారుస్తున్నాడు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ నాటికి కోలుకోకపోతే వేరే మనిషిని చూసుకుంటానని బ్యాండు మాస్టారు చెప్పేశాడు.

త్రివిక్రమరావు గారు నూకరత్నం ముక్కు దగ్గర దూది పట్టుకున్నారు. ఆవిడ అప్పటికే మండిపడుతూ వచ్చింది. దూది ఎగిరి ఆయన మీసం మీద వాలింది.

"తీవ్రమైన అస్థిమితం," అన్నారాయన తుడుచుకుంటూ. "వచ్చే సోమవారం రామ్మా."

వచ్చే సోమవారానికి ఆవిడ వారమంతా సాధన చేసి వచ్చింది. బిగబట్టుకుని, నెమ్మదిగా వదిలి, దూది కదిలీ కదలనట్టు ఊపించింది. ఆయన మెచ్చుకుని అర్జీ మీద 'పరిష్కృతం' ముద్ర కొట్టారు.

"ఏటి పరిష్కారం అయ్యిందండీ?" అంది నూకరత్నం. "పొగ్గొట్టం అలాగే ఉంది కదండీ! దార్లో చూసుకునే వచ్చేనండీ నేను."

"అమ్మా, పొగగొట్టం బాహ్య విషయం. ఈ విభాగం ఆంతరిక శ్వాసకు మాత్రమే బాధ్యత వహిస్తుంది. గాలి ఎటువంటిదైనా దానిని పీల్చే విధానంలోనే ఆరోగ్యం ఉంది."

"గాలే లేపోతే ఏ ఇదానంలో పీల్చమంటారండీ?"

ఈ ప్రశ్న ప్రొఫార్మాలో లేదు కాబట్టి ఆయన ముద్ర సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

మూడో సోమవారం ఆవిడ మొగుణ్ణే వెంటబెట్టుకొచ్చింది. మెట్లెక్కి వచ్చేసరికి వీరాస్వామి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఛాతీలోంచి పిల్లికూతలు నా టేబుల్ దాకా వినిపిస్తున్నాయి. త్రివిక్రమరావు గారు కళ్ళజోడు సవరించుకుని ఆయన చుట్టూ ఒకసారి తిరిగారు.

"చూశారా, నోటితో పీలుస్తున్నాడు! దురలవాటు. వృత్తి ఏమిటి?"

"క్లారి… నెట్టండీ," అన్నాడు వీరాస్వామి.

"అంటే వృత్తిరీత్యా నోటితో వదలడం! అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది. అవధానులు గారూ, రాసుకోండి. ఇతనికి వాద్య మార్పిడి సిఫార్సు చేయడమైనది. డప్పు ఉంది, తాళాలు ఉన్నాయి. ఊపిరితో నిమిత్తం లేని వాద్యాలు చాలా ఉన్నాయయ్యా."

వీరాస్వామి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "చిన్నప్పట్నించీ… ఇదొక్కటేనండీ… నాకొచ్చింది," అన్నాడు. అనేసి, ఆఫీసులో గట్టిగా మాట్లాడేశానేమో అన్నట్టు అందరివైపూ చూశాడు. నాకు చాలా బాధేసింది. ఆ మధ్యాహ్నం కళ్ళు మూసుకుని ఎంతసేపు కూర్చున్నా నా ఊపిరి పొట్ట దాకా దిగలేదు.

త్రివిక్రమరావు గారికి మాత్రం కొత్త ఆలోచన వచ్చింది. మండలంలో అన్నిటికన్నా చెడ్డగా ఊపిరి పీల్చేది మిల్లుపేటవాళ్ళే కాబట్టి, బాగుపడే అవకాశం కూడా వాళ్ళకే ఎక్కువని తేల్చి, దాన్ని ఆదర్శ శ్వాస పేటగా ప్రకటించారు. పేట ప్రజలకు శ్వాస మందిరం కావాలి. పుల్లంరాజు గారు ఉదారంగా మిల్లు గోడకి ఆనించి ఒక రేకుల షెడ్డు వేయించి, తన ఫొటో పెట్టించి ఇచ్చారు. సరిగ్గా పొగగొట్టం కింద.

రోజూ తెల్లవారుజామున క్లాసు. మిల్లులో బాయిలరు రాజేసేదీ అప్పుడే. అంతకు ముందు పేటవాళ్ళు పాపం తెలివిగా, పైపైన, అవసరమైనంత వరకే పీల్చుకుని బతుకుతుండేవారు. ఇప్పుడు శిక్షకుడు మైకులో "లోపలికి… ఇంకా లోపలికి… పొట్ట దాకా…" అంటుంటే, నుసినంతా శ్రద్ధగా పొట్ట దాకా దించుకోవడం నేర్చుకున్నారు. క్లాసు అయ్యేసరికి షెడ్డు రేకులు ఎగిరేలా దగ్గేవారు. "పేటవాసులలో స్పందన బిగ్గరగా వ్యక్తమగుచున్నది" అని వారం వారం నివేదిక వెళ్ళేది. ఆ నివేదికలు రాసింది నేనే. జీతం తీసుకునేది అందుకే కదా అని రాశాను.

ఇన్ని మంచి నివేదికలు చూశాక పైవాళ్ళు ఊరుకోలేరు. స్వయంగా చూడడానికి రాజధాని నుంచి బృందం వస్తుందని కబురొచ్చింది. ముందుగా రిహార్సలు చూసుకోవాలని త్రివిక్రమరావు గారు మొదటిసారిగా తెల్లవారుజామున షెడ్డుకి వచ్చారు. అప్పటిదాకా ఆయన ఆదర్శ పేటను ఆఫీసు నుంచే పర్యవేక్షిస్తున్నారు.

"అందరూ నన్ను చూసి చేయండి," అని వేదిక మీద పద్మాసనం వేసుకుని, ముక్కుతో దీర్ఘంగా పీల్చారు. సగంలో ఆగారు. ముఖం ఎర్రబడింది. తర్వాత దగ్గొచ్చింది. అలాంటి దగ్గు నా సర్వీసులో అంత పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు దగ్గగా నేను వినలేదు. పద్మాసనం దానంతట అదే విడిపోయింది. తనను చూసి చేయమన్నారు కాబట్టి పేటవాళ్ళు కూడా క్రమశిక్షణగా దగ్గారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ చెయ్యి ఊపితే వాళ్ళూ చేతులు ఊపారు.

"అవధానులు గారూ," అన్నారాయన నీళ్ళు తాగాక. "ఇక్కడి వాతావరణం ప్రోటోకాల్‌కు అనుగుణంగా లేదు."

"బూడిదండీ."

"కారణం అప్రస్తుతం. బృందం నాయకుడు దగ్గితే బాధ్యులెవరు?"

ఆ సాయంత్రమే ఆర్డరు పుట్టింది. "అధికారులు పేటలో పాదము మోపు దినమునందును, దాని ముందు దినమునందును మిల్లు బాయిలరు ఆర్పి ఉంచవలెను. దీనిని శ్వాస మర్యాద విరామమని వ్యవహరించవలెను." పుల్లంరాజు గారు ఒక్కసారికే కదా అని ఒప్పుకున్నారు. బృందం నాయకుడి పక్కన ఫొటో కూడా ఉంటుందన్నారు.

బృందం వచ్చిన రోజు మిల్లుపేట ఆకాశం నీలంగా ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది. వీధులు కడిగించారు. నోటితో పీల్చేవాడు ఎదురుపడితే బాగుండదని వీరాస్వామిని ఇంట్లోంచి బయటికి రావద్దన్నారు. షెడ్డులో జనం దగ్గకుండా కూర్చుని పీల్చారు, వదిలారు. బృందం నాయకుడు కూడా పీల్చి, వదిలి, "ఆహా!" అన్నారు. ఆయన అలా అంటుండగానే పక్క సందులోంచి క్లారినెట్ వినిపించింది.

మొదట తడబడింది. ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఆగలేదు. షెడ్డులో ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూకరత్నం ఇడ్లీ గరిట చేత్తో పట్టుకుని వీధిలో అలాగే నిలబడిపోయింది. పాట సాగుతున్నంతసేపూ ఆవిడే ఊపిరి బిగబట్టింది.

"ఎవరయ్యా ఆ వాయించేది?" అన్నారు నాయకుడు గారు.

"మా శిక్షణార్థి సార్," అన్నారు త్రివిక్రమరావు గారు, కనురెప్ప వేయకుండా. "ఉబ్బసంతో బాధపడేవాడు. సక్రమ శ్వాసతో కోలుకున్నాడు."

అవార్డు అక్కడే ప్రకటించారు. మిల్లు ఆపిన సంగతి నివేదికలో రాలేదు. అది మర్యాదకు సంబంధించిన విషయం గనక ఫలితాల్లో చేర్చరాదన్నారు. మర్నాడు బాయిలరు రాజేశారు. సాయంత్రానికి వీరాస్వామి మళ్ళీ గోడకి చేరబడ్డాడు.

ఆ మర్నాడు నూకరత్నం మా ఆఫీసుకొచ్చింది. సోమవారం కాదు, చేతిలో అర్జీ లేదు. వస్తూనే నా టేబుల్ ముందు నిలబడింది.

"గుమస్తా గారండీ, ఆ సార్లు మళ్ళీ ఎప్పుడొత్తారండీ?"

"ఇంకెందుకొస్తారమ్మా? అవార్డు ఇచ్చేశారుగా."

"రాజధానోళ్ళే రావాలాండీ? మనూరి ఆపీసర్లు ఎవరొచ్చినా మిల్లు ఆపేత్తారాండీ?"

నేను కుర్చీలో కాస్త ముందుకి జరిగాను. ఆ ఆర్డరు డ్రాఫ్టు చేసింది నేనే. చిన్నా పెద్దా ఏ అధికారైనా సరే, వస్తే ఆపాల్సిందే.

"ఆపాలి," అన్నాను. "కానీ ఊరికే రమ్మంటే మీ పేటకి ఎవరొస్తారు నూకరత్నం?"

"ఊరికే ఎందుకు రమ్మంటానండీ? సన్మానానికి పిలుత్తానండీ."

నేను ఆవిడ మొహం కేసి చూశాను. నవ్వడం లేదు. అర్జీకైతే పరీక్ష ఉంది, ముద్ర ఉంది, వచ్చే సోమవారం ఉంది. సన్మానానికి అవేవీ లేవు. నా సర్వీసులో అర్జీ తీసుకోని అధికారుల్ని ఎందర్నో చూశాను గానీ, శాలువా వద్దన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

మొదటి సన్మానం త్రివిక్రమరావు గారికే. ఆవిడ ఆయన గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని, "తవరి వల్లే మా పేటకి ఊపిరొచ్చిందండీ, ఆయ్, చిన్న సన్మానం చేసుకుంటామండీ," అంది.

"నాకెందుకమ్మా ఇటువంటివన్నీ? నేను విధి నిర్వహణ మాత్రమే… ఎప్పుడు?" అన్నారాయన.

ఎల్లుండే అంది. ఆర్డరు ప్రకారం మర్నాడే మిల్లు బాయిలరు ఆరింది. సన్మానం రోజు చేటెడు బంతిపూలతో దండ, పేటవాళ్ళు కలిసి కొన్న శాలువా, 'శ్వాస బ్రహ్మ' అని బిరుదు, స్వాగతానికి వీరాస్వామి క్లారినెట్. ఆయన గంటసేపు ఉపన్యసించారు. మర్నాటికి తహసీల్దారు గారు ఒప్పుకున్నారు కాబట్టి బాయిలరు రాజేయడానికి వీల్లేకపోయింది. తహసీల్దారు గారు 'ప్రాణ బంధు' అయ్యారు. ఆ తర్వాత ఇంజనీరు గారు 'ఉచ్ఛ్వాస రత్న'. వ్యవసాయాధికారి గారికి బిరుదు చాలా నచ్చి, లెటర్‌హెడ్ మీద వేయించుకున్నారు. పశువుల డాక్టరు గారు, గేదెలు ముక్కుతోనే పీలుస్తాయనీ అందుకే వాటికి ఆందోళన ఉండదనీ మంచి ప్రసంగం చేశారు. తనను పిలవలేదని కరెంటాఫీసు ఏఈ గారు అలిగితే, నూకరత్నం వెళ్ళి బుజ్జగించి మరీ తారీఖు ఇచ్చింది.

ఎవరెప్పుడు రావాలో నేను చూసేవాణ్ణి. ఇద్దరు ఒకే రోజు ఒప్పుకుంటే, ఇద్దరి హోదా ఒకే వేదిక మీద ఇమడదని చెప్పి ఒకరిని మర్నాటికి జరిపేవాణ్ణి. నా ఉద్యోగంలో అంత మనసు పెట్టి ఎప్పుడూ పనిచేయలేదు. శ్రావణం వచ్చింది. వీరాస్వామి మొదటి పెళ్ళికి వెళ్ళొచ్చాడు. మధ్యలో రెండు చోట్ల ఆగినా, పందిరి దాకా వాయించాడని బ్యాండు మాస్టారే నాతో చెప్పాడు.

పుల్లంరాజు గారు మండిపడుతూ త్రివిక్రమరావు గారి దగ్గరికి వచ్చారు. "ఇదేం ఖర్మండీ! ధాన్యం వసారాలో మొలకలొచ్చేత్తంది. ఈ దండలు ఎప్పటికి ఆపుతారు?"

"తమరి ఆవేదన సహేతుకమే," అన్నారు శ్వాస బ్రహ్మ గారు. "అయితే శనివారం డివిజనల్ ఆఫీసరు గారికి 'నిశ్శ్వాస చక్రవర్తి' ప్రదానం ఉంది. ఆయనను రావద్దని తమరు చెబుతారా?"

పుల్లంరాజు గారు చెప్పలేదు. తిరిగి వెళ్తూ నా దగ్గర ఆగారు.

"పొగగొట్టానికి బూడిద పట్టే గది కట్టిస్తే సరిపోతుంది కదండీ," అన్నాను. "మిల్లు ఆపక్కర్లేదు, అధికారులు దగ్గరు. ఇప్పుడు అన్ని మిల్లులకీ కట్టుకుంటున్నారుగా."

"అది కట్టించాలంటే ఊరికే అవుతుందా? మీ మండలంలో ఇంకా ఎంతమంది ఆఫీసర్లున్నారో నాకు తెలీదేంటండీ? అయిపోనియ్యండి, చూద్దాం," అని వెళ్ళిపోయారు.

ఆయన లెక్క తప్పు కాదు. మండలంలో అధికారులన్నవాళ్ళంతా అయిపోయారు. బడి హెడ్మాస్టర్లు అయిపోయారు. చివరికి, అధికారి కాకపోయినా అధికారుల పక్కన కూర్చుంటాను కాబట్టి, నన్ను పిలిచారు. ఆ సాయంత్రం షెడ్డుకి వెళ్ళేసరికి ముందు వరసలో పుల్లంరాజు గారు కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి చాలా ఆప్యాయంగా నవ్వారు.

"మీరే ఆఖరంట కదండీ?" అన్నారు.

నాకు దండ వేశారు. వీరాస్వామి వాయించాడు. ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ, దగ్గకుండా వాయించాడు. శాలువా కప్పడానికి నూకరత్నం దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో అంది.

"రాత్రి పడక మీద నడుం వాల్చి తొంగున్నాడండీ. ఎన్నాళ్ళకో! నాకే నిద్దర్లేదండీ. అలా తొంగునుంటే బయమేసి, లెగిసి లెగిసి చూసేనండీ."

ఆవిడ శాలువా అంచు సర్దుతూ, ఇంకా చిన్నగా అడిగింది.

"రేపెవరండీ?"

రేపు ఎవరూ లేరు. పుల్లంరాజు గారికి అది తెలుసు. బాయిలరు దగ్గర మనిషిని కూడా సిద్ధంగా పెట్టుకుని వచ్చారు. నేను శాలువా కప్పుకుని నిలబడి, ఎవరున్నారా అని ఆలోచించాను. పక్క మండలం తహసీల్దారు గుర్తొచ్చాడు. ఆయన వెనకే ఆయన డిప్యూటీ గుర్తొచ్చాడు. నా సర్వీసంతా, మన ప్రభుత్వంలో ఇంతమంది అధికారులెందుకురా భగవంతుడా అని విసుక్కున్నవాణ్ణే. ఆ క్షణంలో ఒక్కొక్కరే కళ్ళముందుకొస్తుంటే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మైకు అందుకున్నాను. "రేపు పక్క మండలం తహసీల్దారు గారు," అన్నాను. "ఎల్లుండి వారి డిప్యూటీ గారు. ఆ తర్వాత వారి ఇంజనీరు, అసిస్టెంటు ఇంజనీరు, అడిషనల్ అసిస్టెంటు ఇంజనీరు గార్లు. ఇలా మన డివిజన్లో ఉన్న మండలాలన్నీ అయ్యాక జిల్లాకి వెళదాం. అక్కడ ప్రతి శాఖలోనూ జాయింటు డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు, అసిస్టెంటు డైరెక్టరు ఉన్నారు. వాళ్ళు సెలవు పెడితే ఇన్‌ఛార్జిలున్నారు. పోస్టింగు రాక ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు, వాళ్ళకి తీరిక కూడా ఎక్కువ. ఆ పైన రాజధాని ఉంది…"

జనం చప్పట్లు కొడుతున్నారు. పుల్లంరాజు గారు వేసుకున్న కాలు దించారు. నోరు తెరుచుకుంది. నోటితోనే గబగబా పీల్చడం మొదలుపెట్టారు. నేను రాజధానిలో సెక్రటేరియట్ రెండో అంతస్తు దాకా వచ్చేసరికి ఆయన లేచి వేదిక దగ్గరికి వచ్చేశారు.

"ఆగండి సార్, ఆగండి. ఆ బూడిద గది కట్టే మేస్త్రీ ఎవరన్నా మీకు తెలుసాండీ?"

నూకరత్నం ఆయనకి కుర్చీ చూపించింది.

"ఉండండి, కూకోండి. సారు పేర్లు చెప్పడం ఇంకా అవ్వలేదండీ."